ఆమేన్ దాకా

ఎనభై రెండో సంవత్సరం. ఆ శుక్రవారం అరబ్బు దేశంలోని కరామాలో నర్సులుండే ఫ్లాటులో కృపాకుమారి ఒక ఇనుప గొట్టానికి రెండు వైపులా ఇసుక నింపిన పాలపొడి డబ్బాలు బిగించింది. మొత్తం ముప్పై కిలోలు. అంత బరువు ఆమె ఇంతవరకూ తలపైకి ఎత్తలేదు. గదిలో పెద్దదైన ఎస్తేరక్క నియమం ఒక్కటే: బరువు పైకి లేవగానే తను ప్రార్థన మొదలుపెడుతుంది, ఆమేన్ అనేదాకా దించకూడదు. ఆ ప్రార్థనలో వార్డులోని రోగుల నుంచి నరసాపురం చుట్టాల దాకా ఎవరూ మిగలరు.

కృప ఊపిరి బిగించి ఎత్తింది. చేతులు వణికాయి. అక్క ఒక కన్ను తెరిచి చూసి, "ప్రభువా, అందరినీ చల్లగా చూడు, ఆమేన్" అని తేల్చేసింది.

కృప బరువు దించి మూతి ముడిచింది. "ఇదేం ప్రార్థనక్కా? మా అమ్మని కూడా వదిలేశావ్!"

"నీ చేతులు చూసి భయమేసిందే పిచ్చిదానా. ఎత్తావుగా, ఖలాస్!"

"ఖలాసూ లేదు, గిలాసూ లేదు. ఇది లెక్కలోకి రాదు. మళ్లీ ఎత్తుతా, మొత్తం చెప్పు."

ఈసారి అక్క ఎవరినీ వదల్లేదు. మేనత్త కోడలి దగ్గరికొచ్చేసరికి కృప మోకాళ్లు ఊగాయి. అక్క మళ్లీ ఒక కన్ను తెరిచి చూసింది కానీ ప్రార్థన ఆపలేదు. ఆమేన్ విన్నాకే కృప బరువు దించి, అక్క ఒళ్లో కూలబడి పకపకా నవ్వింది.

"వచ్చే వారం ఇంకో రెండు కిలోలు."

"అయితే చుట్టాల్ని తగ్గించుకోవాలే తల్లీ," అంటూ అక్క ఆమె భుజాలు పిసికింది.