చక్రం కింద మనిషి

మా మరిది దమ్చా లారీ దిగుతూనే మొదలుపెట్టాడు.

"వదినా, మొండిపట్టు మానెయ్. ఈ చలికాలం పట్నంలో మా ఇంట్లో ఉండు. గొర్రెల్ని మా బావమరిది చూసుకుంటాడు."

"మీ ఆవిడ వంట తిని ఆర్నెల్లు బతకమంటావా?" అన్నాను.

నేను కోడలిగా వచ్చేనాటికి వాడికి ఏడేళ్ళు. నా చేతి ఉప్పు టీ తాగి పెరిగినవాడు నాకు బుద్ధులు చెబితే నాకు కిట్టదు. మా ఆయన జంబా వసంతంలో పోయాడు. గోబీ ఎడారి అంచున ఈ కొండ కిందే ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మా చలికాలపు మకాం. ఆయన పోయాడని కొండ మారుతుందా? మాతోపాటు ఇక్కడ దిగే రెండు కుటుంబాలూ పట్నం చేరిపోయాయి, అది వేరే సంగతి.

"సరే, ఒక పందెం," అన్నాడు. "లారీలోంచి నీ సామాను దించిపెడతాను. గుడారం ఒక్కదానివే నిలబెట్టు. నిలబెడితే ఇక నోరెత్తను. నా చెయ్యి పడిందో, లారీ ఎక్కాల్సిందే."

"కూర్చుని చూడరా," అన్నాను.

తడికలు గుండ్రంగా నిలబెట్టి కట్టడం నాకు కొత్త కాదు. చిక్కంతా చక్రంతోనే. కప్పు నడినెత్తిన ఉండే ఆ కొయ్యచక్రాన్ని ఒకరు మధ్యలో నిలబడి ఎత్తిపట్టుకోవాలి. ఇంకొకరు చుట్టూ తిరుగుతూ వాసాల కొనలు దాని రంధ్రాల్లో దూర్చాలి. మా ఇంట్లో పట్టుకునేది ఆయన, తిరిగేది నేను. పట్టుకున్నంతసేపూ "ఉన్నావా? ఉన్నావా?" అని ఒకటే అరుపు. "ఉండక ఎక్కడికి పోతాను!" అని నేనూ అరిచేదాన్ని. తొందరపెడుతున్నాడని ఒళ్ళు మండేది.

చక్రాన్ని రెండు గుంజలకు బిగించి, నాలుగు వైపులా తాళ్ళు లాగి తడికలకు కట్టాను. మొదటిసారి పడిపోయింది. రెండోసారి పడినప్పుడు ఒక వాసం విరిగింది. దమ్చా లారీ మెట్టు మీద కూర్చుని ఎండుపెరుగు గడ్డ కొరుకుతున్నాడు.

"అన్నయ్య ఉంటే నవ్వేవాడు."

"ఉంటే నీ నోరు మూయించేవాడు."

మూడోసారి పది వాసాలు రంధ్రాల్లో కూర్చున్నాయి. ఇక గెలిచాననుకుంటుండగా ఉత్తరం వైపు తాడు జారి చక్రం ఒరిగింది. పరుగున వెళ్ళి దాని కింద నిలబడి రెండు చేతులా ఆపాను.

అక్కడ నేనెప్పుడూ నిలబడలేదు. తల పైకెత్తే ఉంచాలి, చూపు తిప్పకూడదు, చేతులు దించకూడదు. కనిపించేదల్లా చక్రంలోంచి ఆకాశం. చుట్టూ మనిషి ఉన్నదీ లేనిదీ అడుగుల చప్పుడే చెప్పాలి. చప్పుడు లేదు. ఆయన నన్ను తొందరపెట్టలేదు. నేనున్నానో లేదో తెలియక అడిగేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళూ నేను విసుక్కుంటూ జవాబిచ్చాను.

అరవకూడదనుకున్నాను గానీ నోరాగలేదు. "ఉన్నావురా?"

"ఉన్నా వదినా!" దమ్చా పరిగెత్తుకొచ్చి వాసం అందుకున్నాడు. మధ్యాహ్నం దాటేసరికి పైన ఉన్ని కప్పడం కూడా అయిపోయింది.

టీ కాచి ఇచ్చాను. "నీ చెయ్యి పడింది. పందెం ఓడాను," అన్నాను. ఆ మాటలో ఎంత ఆశ ఉందో చెప్పాలంటే సిగ్గేస్తోంది. వాడు సామాను మళ్ళీ ఎక్కిస్తానంటాడు, నేను కాసేపు సణుగుతాను, తర్వాత లారీ ఎక్కుతాను అనుకున్నాను. ఈ చలికాలం ఒక్కదాన్నే ఉండలేనని చక్రం కిందే తెలిసిపోయింది.

వాడు కళ్ళు తుడుచుకున్నాడు. "ఓడలేదు వదినా. కట్టిందంతా నువ్వే, నేను వాసాలు దూర్చానంతే. ఇది అన్నయ్య చోటు. నిన్ను ఇక్కణ్ణించి లాక్కెళ్ళాలనుకోవడం నాదే తప్పు."

"పందెం పందెమేరా."

"నేనెవరికీ చెప్పనులే," అని నవ్వుతూ లేచాడు.

నన్నూ తీసుకెళ్ళరా అని నోరు తెరిచి అడగొచ్చు. అడగలేకపోయాను. బయల్దేరే బండి వెనక పాలు చల్లి సాగనంపడం మా ఆచారం కాబట్టి గరిటెతో చల్లాను. లారీ వాగు దాకా వెళ్ళాక ఇక ఉండబట్టలేక పరిగెత్తాను. రెండు చేతులూ ఎత్తి వెనక్కి రమ్మని ఊపాను. దమ్చా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, కొండ మలుపు తిరిగేదాకా వాడూ ఊపుతూనే వెళ్ళాడు.