గుండు చిన్నది, టోపీ పెద్దది

“ఇది నీ ట్రాలీకి పనికిరాదు,” అంటూ షాపు ముసలాయన ఉక్కు గుండును బల్ల మీద పక్కకు నెట్టాడు.

డ్రైవరుకు ఒళ్లు మండింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఊరి ట్రాఫిక్ అంతా ఈదుకుంటూ వచ్చాడు. అక్కడ ఇటుకల యార్డులో లోడు ఎత్తేసి కూలీలు అతని కోసం కూర్చుని ఉన్నారు. యజమాని పాత చిన్న ట్రాలీని అమ్మేసి, పొద్దున్నే ఎక్కడో వాడి వదిలేసిన పెద్ద ట్రాలీ ఒకటి తెచ్చాడు. పికప్ బండి వెనక బిగించిన గుండు మీద ట్రాలీ ముక్కుకున్న టోపీ కూర్చుని బిగుసుకోవాలి. “అన్నీ బాగానే ఉన్నాయి, లాకు పిన్ను ఒక్కటే లేదు. అది పట్రా చాలు,” అన్నాడు యజమాని. ‘చాలు’ అన్న ఆ మాటే డ్రైవరుకు నచ్చలేదు. ఎందుకైనా మంచిదని గుండు ఊడదీసి, ట్రాలీ టోపీలో తడిమట్టి కూరి తీసిన ముద్దను కూడా గుడ్డలో చుట్టి తెచ్చాడు.

ముసలాయన రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. మట్టిముద్ద కాస్త పెద్దదిగానే కనిపించింది.

“గుండు మార్చాలి. అది బిగించే పట్టీ కూడా ఈ బరువుకు ఆగదు, ఇంకా మందమైంది వేయాలి. ఒకవేళ ఊడినా పట్టి ఉంచడానికి రెండు గొలుసులు. వెనక లైట్లకు వైరు ఉందా?”

“పిన్ను కోసం వస్తే షాపంతా నాకే అమ్మేలా ఉన్నావే బాబాయ్! గుండుకి కాదు, నాకు పెడుతున్నావు టోపీ.”

ముసలాయన నవ్వలేదు. “ఏం వేసుకెళ్తారు అందులో?”

“ఇటుకలు.” మట్టిముద్దను మళ్లీ గుడ్డలో చుట్టబోతూ, “ఇటుకల మీద మనుషులు,” అన్నాడు డ్రైవరు.

“నన్ను నమ్మొద్దులే. పిన్ను వేశాక ట్రాలీ ముక్కు కింద జాకీ పెట్టి లేపు. టోపీ గట్టిగా పట్టుకునుంటే దాంతోపాటు బండి వెనకభాగం కూడా లేస్తుంది. లేవలేదనుకో, నేను చెప్పక్కర్లేదు.”

డ్రైవరు యజమానికి ఫోన్ చేశాడు. కావలసినవి సగం చెప్పేసరికే అటునుంచి నవ్వు వినిపించింది.

“అందులో నీ వాటా ఎంతరా?”

డీజిలు చుక్క కూడా పక్కకు పోనివ్వని డ్రైవరు ఫోన్ కట్ చేశాడు. పిన్ను మాత్రం కొనుక్కుని బయటపడ్డాడు.

యార్డుకు అతని కంటే ముందే ఆ మాట చేరిపోయింది. డ్రైవరు కమిషన్ బేరాలు ఆడుతూ కూర్చున్నాడనీ, ఆలస్యమైనందుకు అందరి కూలీలోనూ కోత పడుతుందనీ యజమాని చెప్పాడట. రోజూ అతను బండి దిగగానే మంచినీళ్లు అందించే పెద్దమ్మ ఇవాళ కుండ వైపు కూడా వెళ్లలేదు. లోడు ఎత్తేవాళ్లలో అతని భార్య కూడా ఉంది. ఆమె తలెత్తలేదు.

గుండు బిగించి, టోపీ కూర్చోబెట్టి, పిన్ను వేశాడు. ఆడవాళ్లు ఇటుకల మీదికి ఎక్కసాగారు.

“ఒక్క నిమిషం దిగండి,” అన్నాడు.

గొణుక్కుంటూ దిగారు. అతను ట్రాలీ ముక్కు కింద జాకీ పెట్టాడు. ముసలాయన మాట అబద్ధమైతే బాగుండుననే అనుకున్నాడు. అబద్ధమైతే ఈ పూట ఎలాగో గడిచిపోతుంది, భార్య తలెత్తి చూస్తుంది. జాకీ తిప్పుతుంటే బండి వెనకభాగం కొద్దిగా పైకి వచ్చినట్టే వచ్చి, టక్కున కిందికి పడింది. పిన్ను వేసినచోటే ఉంది. టోపీ మాత్రం గుండును వదిలేసి గాలిలో ఉంది.

యజమాని ఆఫీసు గదిలోంచి వచ్చి చూశాడు. “జాకీ పెట్టి లేపితే ఏదైనా ఊడుతుంది. రోడ్డు మీద ఎవడు లేపుతాడు? తాడు కట్టి మెల్లగా పోనీ.”

“వంతెన దిగేచోట గుంతలే లేపుతాయి సార్. నేను తీయను.”

“అయితే తాళం ఇటివ్వు. నేనే నడుపుతా.”

పెద్దమ్మ కొంగు బిగించుకుని ముందుకొచ్చింది. “మీరు నడిపితే ముందు బండిలో ఉంటారు సారూ. వెనకుండేది మేమేగా. ఓ పని చేయండి, ఇటుకల మీద మీరు కూర్చోండి. మావాడే నడుపుతాడు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. యజమాని మొహం మాడ్చుకుని, ఫోన్ తీసి దూరంగా వెళ్లాడు.

తాళం పిడికిట్లో పట్టుకుని డ్రైవరు ఇటుకల వరస నీడలో చతికిలబడ్డాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

“నిజం చెప్పు. ఆ షాపాయన నీకేమన్నా ఇస్తానన్నాడా?”

“టీ ఇప్పించాడు.”

ఆమె అతని కళ్లలోకే చూస్తూ ఉండిపోయింది. నమ్మిందో లేదో అతనికి అంతుపట్టలేదు.

యజమాని గొంతు ఇటు వినిపిస్తూనే ఉంది. “వచ్చి బండి తీస్తే చాలు. కిరాయి నువ్వడిగిందే... లేదు లేదు, లోడు ఒక్కటే, మనుషులెవరూ ఎక్కరు... గుండూ టోపీనా? అంతా కొత్తదే, పొద్దున్నే వేయించా.”

ఆమె లేచింది. బట్టలకంటిన దుమ్ము దులుపుకుంది. గేటు దాకా నడిచి, కొత్త డ్రైవరు రావలసిన దారికి అడ్డంగా, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.