చుట్టు తిరిగిన అడుగులు

శంషాబాద్ హైవే పక్కన సముద్రతీర విల్లాలు అమ్మడానికి కొత్తగా తెరిచిన ఆఫీసులో నరసరాజు సంతకం పెట్టడానికి పెన్ను మూత తీశాడు. సరిగ్గా అప్పుడే అతని భార్య వరలక్ష్మి గోడ మీది పోస్టరు చూసి కుర్చీలోంచి లేచింది.

పోస్టరు నిండా సముద్రం. ఇసుక మీద నడిచిపోతున్న తల్లి, తండ్రి, పాప. పైన 'మనిషి అడుగు పడని తీరం' అన్న అక్షరాలు.

"అమ్మా, ఆ పసుపు గౌను నాదే," అంది కూతురు చిన్మయి.

నిజమే. పోయిన వేసవిలో వరలక్ష్మి పుట్టింటికి వెళ్లినప్పటి నడక అది. బస్సు దిగాక జీడితోటలన్నీ దాటితే గాని రాని జాలరి పల్లె. రోజూ సాయంత్రం ముగ్గురూ ఒడ్డు వెంట నడిచేవారు. ఒకరోజు నెత్తి మీద డ్రోన్ తిరిగింది కూడా.

"మీ ఊరి దగ్గరే అన్నారు. సంతోషిస్తావనుకున్నాను," అన్నాడు నరసరాజు.

సేల్స్ మేనేజర్ జగదీశ్ నవ్వాడు. "బీచ్‌లన్నీ గట్లనే ఉంటయి అక్కా. అది ఉత్త ఖాళీ జాగ. ఎవ్వల్లేరు."

"ఖాళీ అయితే మేం తిన్నగా నడవక అంత చుట్టు ఎందుకు తిరిగాం?"

జగదీశ్ పోస్టరు వైపు చూశాడు. ఉత్త ఇసుకలో మూడు జతల అడుగులు అర్ధచంద్రంలా ఒంపు తిరిగి, మళ్లీ నీటి అంచుకు చేరాయి.

"అక్కడ మా అన్నయ్య వల ఆరేశాడు. ఆరేసిన వలను మా పల్లెలో ఎవరూ దాటరు, ఎంత తొందరున్నా చుట్టు తిరిగే పోతారు. వల చెరిపేశారు. పడవలు, ఇళ్లు చెరిపేశారు. అడుగులు మరిచిపోయారు."

"కంప్యూటర్ల జర సాఫ్ చేసిండ్రు, అంతే గదక్కా."

"రేపు నిజంగానే సాఫ్ చేస్తారు. మావాళ్లు వల ఎక్కడ ఆరేసుకోవాలి, మీ విల్లా వరండాలోనా?"

పక్క టేబుల్ దగ్గర కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"జర మెల్లగ అక్కా. గిరాకీ ఉన్నది."

"ఉన్న ఊరిని లేదని అమ్మేది మీరు. మెల్లగా మాట్లాడాల్సింది నేనా?"

నరసరాజు పెన్ను మూత పెట్టేశాడు. "చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నది నేనే," అన్నాడు, తల దించుకుని. "నన్ను నేనే పోల్చుకోలేదు."

వరలక్ష్మి అప్పటికే అన్నయ్యకు వీడియో కాల్ చేసింది. "అన్నయ్యా, మన ఇసుకని ఇక్కడ అమ్మకానికి పెట్టారు. పల్లెలో అందరినీ పిలువు."

జగదీశ్ గబగబా వెళ్లి పోస్టరు అంచు పట్టుకున్నాడు. చిన్మయి అతనికి అడ్డంగా నిలబడింది.

"తీయకండి అంకుల్. మా మామయ్య ఇంకా చూడలేదు."