పది డిగ్రీల తేడా

మూడు వందల పన్నెండు స్ఫటికాలు. అందులో ఒక్కటంటే ఒక్కటి కూడా తెలిసిన ముఖం కాదు.

ఇల్వా సాండెలిన్ పొద్దుటి నుంచి కంప్యూటరు ముందు తల పట్టుకుని కూర్చుంది. అగ్గిపుల్లంత అల్యూమినియం కడ్డీ అది. పైకి నున్నగా ఉన్నా లోపల వందల స్ఫటికాలు ఒకదాన్నొకటి ఆనుకుని, ఒక్కొక్కటీ ఒక్కో వైపు వాలి ఉంటాయి. కడ్డీని తిప్పుతూ ఎక్స్-రే కిరణం పంపితే అవతలి తెర మీద వేల చుక్కలు పడతాయి. ఏ చుక్క ఏ స్ఫటికానిదో, ఆ స్ఫటికం ఎక్కడుందో, ఎటు వాలిందో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి పటం గీస్తుంది. మొదటి లెక్క ఎప్పుడూ మోటుగానే ఉంటుంది. దాన్ని పదేపదే సవరించి నిగ్గు తేల్చడమే రెండేళ్లుగా ఇల్వా పని.

ఈ కడ్డీని సెప్టెంబరులో ఒకసారి కొలిచారు. పోయిన వారం యంత్రంలో పెట్టి సాగదీసి మళ్ళీ కొలిచారు. ఏ స్ఫటికం ఎంత వంగిందో చెప్పాలంటే పాత పటంలో ఉన్నవి కొత్త పటంలో దొరకాలి కదా! సాఫ్ట్‌వేర్ ఒక్కో స్ఫటికాన్నీ ముచ్చటగా సరిదిద్దింది, తప్పుల శాతం చూస్తే ముద్దొచ్చేలా ఉంది. పాత పటంతో పోల్చమనేసరికి మాత్రం సున్నా చూపించింది.

ప్రొఫెసర్ సిగ్‌బ్రిత్ ఎక్మార్క్ వెనక నిలబడి తెరను చూసి పెదవి విరిచింది.

"ఇంకేం ఆలోచిస్తావే తల్లీ? ఇది ఆ కడ్డీ కాదు. పెట్టెలో ఒకే రకంవి మూడున్నాయి. ప్రెబెన్ ఒకదాని బదులు ఇంకోటి బిగించాడు."

"ప్రెబెన్ అలా చెయ్యడు."

"అరవై ఆరేళ్లొచ్చాయి. రేపు రిటైరవుతున్నాడు. ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. నేనేమీ ఆయన్ని ఉరి తియ్యమనట్లేదు. రిపోర్టులో మాత్రం రాయాలి."

ప్రెబెన్ హోల్మ్‌గోర్ కోపెన్‌హాగన్ నుంచి రోజూ సముద్రం మీది వంతెన దాటి రైల్లో స్వీడన్‌లోని లుండ్‌కి వచ్చే డెన్మార్క్ మనిషి. ముప్పై ఏళ్లలో వేల నమూనాలు బిగించాడు, ఒక్కటీ మార్చలేదు. అదే ఆయన గొప్ప. సిగ్‌బ్రిత్ మాట చెవిన పడిందేమో, కాసేపటికి ఆయనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ గోల చేసే మనిషి టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"నిజంగా మార్చేశానంటావా ఇల్వా? పెట్టె తీసి చూశాను. మూడూ ఒకేలా ఉన్నాయి. నా మీద నాకే నమ్మకం పోతోంది."

 అంత ధీమా గల మనిషిని అలా బెరుగ్గా చూడడం ఇల్వా వల్ల కాలేదు.

"మధ్యాహ్నం కాఫీ దాకా టైమివ్వు. అప్పటిదాకా నోరు మూసుకుని ఉండు," అని కసిరి పంపేసింది.

సాఫ్ట్‌వేర్‌ని పక్కన పెట్టి, రెండు పటాలూ కాగితం మీద అచ్చు వేసి బల్ల మీద పరిచింది. పాత పటంలో కడ్డీ నడుమ ఒక బొద్దు స్ఫటికం, దాని చుట్టూ నాలుగు పిల్ల స్ఫటికాలు. కొత్త పటంలోనూ ఒక బొద్దుది, దాని చుట్టూ నాలుగు పిల్లలు. కాకపోతే ఆ సంసారమంతా కాస్త పక్కకి జరిగి కూర్చుంది. కోణమానిని పెట్టి కొలిచింది. పది డిగ్రీలు. ఇంకో గుంపు చూసింది. పది డిగ్రీలు. అడుగున ఉన్న మూడో గుంపూ అంతే. కడ్డీ గుండ్రం కాబట్టి ఎంత తిప్పినా పైకి తెలియదు. స్ఫటికాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, మొత్తం కడ్డీయే పది డిగ్రీలు తిరిగినట్లు లెక్కలోకి వెళ్లింది.

ఆ రోజు సాగదీసే యంత్రం మోటారు కంప్యూటరుతో మాట్లాడలేదు. అందుకని మొదలుపెట్టిన కోణం లోపలి గదిలోంచి ప్రెబెన్ స్పీకర్లో అరిచి చెప్పాడు, బయట కూర్చున్న ఇల్వా నోట్సులో రాసుకుంది. నోట్సు తీసింది. మైనస్ అరవై. తన చేతిరాతే.

ప్రెబెన్ భాష డేనిష్‌లో ట్రెస్ అంటే అరవై. హాల్‌ట్రెస్ అంటే యాభై. సగం అరవై యాభై ఎలా అయిందో ఆ దేవుడికే తెలియాలి. పైగా ప్రెబెన్ ప్రతి మాటలోనూ ముందు సగం మింగేస్తాడు. హాల్ మింగేస్తే మిగిలేది ట్రెస్సే.

అరవై కొట్టేసి యాభై పెట్టి, లెక్క మళ్ళీ నడిపింది. మూడు వందల తొమ్మిది స్ఫటికాలు ఇళ్లకి చేరాయి. ఇల్వా కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

గంతు నేలకి దిగకముందే ఇంకో ఆలోచన వచ్చింది. అంకె ఎక్కడో తప్పు పడిందని చెప్పేస్తే సరిపోతుంది, ఎవరూ తవ్వి చూడరు. రెండేళ్లుగా ప్రెబెన్ మాట్లాడే ప్రతిదానికీ తలూపుతున్నది తను. తనకి డేనిష్ బాగా వచ్చని ఊరంతా అనుకుంటోంది. కానీ తలుపు దగ్గర టోపీ నలుపుతున్న ఆ చేతులు కళ్ల ముందు నుంచి కదలలేదు.

మూడు గంటలకి కాఫీ బల్ల దగ్గర అందరూ దాల్చినచెక్క బన్నులు తింటుండగా లేచి నిలబడింది.

"కడ్డీ సరైందే. ప్రెబెన్ యాభై అన్నాడు, నేను అరవై అని రాశాను. తప్పు నాది." గొంతు సవరించుకుంది. "నిజం చెప్పాలంటే, ప్రెబెన్ మాటల్లో సగం నాకర్థం కావు."

 ప్రెబెన్ బన్ను కింద పెట్టాడు.

"మరి నా రెండో పెళ్లి కథకి పడీపడీ నవ్వావు కదా?"

"అది పెళ్లి కథా? పడవ మునిగిన కథనుకున్నా!"

"రెండింటికీ పెద్ద తేడా లేదులే," అన్నాడు ప్రెబెన్. బల్లంతా గొల్లుమంది. సిగ్‌బ్రిత్ లేచి వెళ్లి ఆయన భుజం పట్టుకుంది.

"క్షమించు ప్రెబెన్. నిన్ను అడక్కుండా అనేశాను."

"అడిగినా నీకూ అర్థమయ్యేది కాదుగా!" అన్నాడాయన. టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. తర్వాత ఇల్వా వైపు తిరిగి, నవ్వు తగ్గించి, ఈసారి నెమ్మదిగా, ముక్క ముక్క విడమర్చి చెప్పాడు.

"ముప్పై ఏళ్లుగా మీ వాళ్లందరికీ అంకెలు ఇంగ్లీషులోనే చెబుతున్నాను. నీకొక్కదానికే నా భాషలో చెప్పాను. ఇక్కడ నా మాట తెలిసినదానివి నువ్వొక్కదానివే అనుకున్నాను."

 ఇల్వా కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"రేపు వెళ్లిపోతున్నావు కాబట్టి ఇవాళే కానిద్దాం. ఒకటి నుంచి వంద దాకా చెప్పు. మింగకుండా."

ప్రెబెన్ నిటారుగా కూర్చుని మొదలుపెట్టాడు. ఇల్వా ఒక్కో అంకెనీ తిరిగి పలికింది. నలభై తొమ్మిది అయ్యేసరికి బల్ల చుట్టూ అందరూ నమలడం ఆపి చెవులు రిక్కించారు.

ప్రెబెన్ మళ్ళీ మింగేశాడు.