జ్ఞానమ్మ మందు తాగలేదు

ఆ కంపెనీ అంటే హనుమాయమ్మకు మొదటి రోజు నుంచే లెక్కలేదు. నరసరావుపేటలో ఆవిడ పనిచేసే ఆసుపత్రికి ఇరవై ఆరేళ్ళుగా రికార్డు రూమంటే ఆవిడే. రోగి ఇంటికి వెళ్ళాక డాక్టరు రాసిన కాగితాలు చదివి, ఫలానా జబ్బు, ఫలానా కారణం అని తేల్చి, దానికి పుస్తకంలో ఉన్న నంబరు వేయడం ఆవిడ పని. ఆ నంబరునే కోడు అంటారు. ఇన్సూరెన్సు వాళ్ళు రోగి మొహం చూడరు, కోడు చూస్తారు. రెండేళ్ళ కిందట మేనేజ్‌మెంటు ఆ పనిని ఊడబీకి, బస్టాండు దగ్గర చెప్పుల కొట్టు పైన కొత్తగా వెలిసిన కోడింగ్ కంపెనీకి అప్పగించింది. హనుమాయమ్మకు కుర్చీ మిగిల్చారు. కుర్చీలో కూర్చుని చేయడానికి మాత్రం పెద్దగా ఏమీ మిగల్చలేదు.

కంపెనీ పిల్లలు మెడలో తాడు, తాడుకో బిళ్ళ వేలాడేసుకుని వచ్చి, కాగితాలు స్కాన్ చేసుకుని పోయేవారు. ఒకసారి డెబ్బై ఏళ్ళ ముసలాయన హెర్నియా ఆపరేషనుకు కాన్పు కోడు వేశారు. ఇన్సూరెన్సు వాళ్ళు తిప్పికొట్టిన ఆ కాగితాన్ని హనుమాయమ్మ క్యాంటీన్ దాకా మోసుకెళ్ళి అందరికీ చూపించింది. "తల్లీ బిడ్డా క్షేమమేనంట," అని నవ్వింది. వాళ్ళ తప్పులు చూస్తే ఆవిడకు కోపం రాదు, కడుపు నిండుతుంది. చదువుకోని దద్దమ్మలకు నా పని ఇచ్చారు, అనుభవించండి అనుకునేది.

డిసెంబరులో ఒక మంగళవారం పొద్దున్నే రెంటచింతల నుంచి జ్ఞానమ్మ అనే ఆవిడ వచ్చి రికార్డు రూము గుమ్మంలో నిలబడింది. నలభై దాటి ఉంటాయి. అక్కడి చర్చి సిస్టర్లు నడిపే ఆడపిల్లల హాస్టల్లో పదకొండేళ్ళుగా వంటమనిషి. కిందటి నెల ఒక ఆదివారం, మొగుడికి నడుం పట్టేసిందని తనే వీపున డబ్బా కట్టుకుని, కౌలుకు చేస్తున్న అరెకరం మిరపచేనుకు పురుగుమందు కొట్టింది. డబ్బా కారి వీపంతా తడిసింది. అలాగే కొట్టింది. మధ్యాహ్నానికి గట్టు మీద కూలిపోతే ఇక్కడికి తెచ్చారు. నాలుగు రోజులుండి బాగై వెళ్ళింది. హాస్టలు వాళ్ళు పనివాళ్ళందరికీ ఇన్సూరెన్సు కట్టారు కాబట్టి, జవాబు ఉత్తరం హాస్టలుకే వెళ్ళింది. రోగి కావాలని విషం తీసుకుంది గనుక బీమా వర్తించదని అందులో ఉంది.

"నేను మందు తాగానని రాశారంట గదమ్మా," అంది జ్ఞానమ్మ, గొంతు పెంచకుండానే. "డబ్బులు పోతే పోయినయ్. పెద్ద సిస్టరు నన్ను వంటింట్లోకి రావద్దంది. మందు తాగిన మనిషి చేత తొంబై మంది పిల్లలకి ఎట్టా వండించేది, రేపేదన్నా అయితే వాళ్ళ అమ్మానాన్నలకి నేనేం చెప్పాలి అంటంది. శుక్రవారం లోపల కాయితం మార్చుకొస్తే సరేనంట. లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటదంట."

"ఊళ్ళో ఏమంటన్నారు?"

"ఏమంటారు. ఏం కష్టమొచ్చిందే, మొగుడు కొట్టాడా అని అడగతన్నారు. కాదని చెప్తే జాలిపడతన్నారు. మా ఆయన గుడికి రావడం కూడా మానేశాడు."

హనుమాయమ్మ ఫైలు తీసింది. చేనులో మందు కొడుతుండగా ఒంటి మీద పడింది, నోట్లోకి పోలేదు అని డాక్టరు మొదటి పేజీలోనే రాశాడు. ఆయన చేతిరాత ఎంత దరిద్రమైనా ఆ రెండు ముక్కలు మాత్రం పసిపిల్లాడు కూడా చదవగలడు. హనుమాయమ్మకు ఒళ్ళు మండింది. "తాడుకి బిళ్ళ కట్టుకుంటే చదువొచ్చుద్దా వీళ్ళకి? నువ్వు పో తల్లీ. శుక్రవారం కాయితం నేనే తెస్తా."

కంపెనీకి ఫోన్ చేస్తే టీమ్ లీడరట, అమర్నాథ్ అనే కుర్రాడు పలికాడు. టికెట్ రైజ్ చేస్తే, అంటే కంప్యూటర్లో ఫిర్యాదు పెడితే, ఏడు పనిదినాల్లో చూస్తామన్నాడు. మధ్యలోనే ఫోన్ పెట్టేసి, ఫైలు చంకన పెట్టుకుని ఆవిడే బయలుదేరింది.

చెప్పుల కొట్టు పైన మూడో అంతస్తు. చలికాలంలో కూడా ఏసీ. ముప్పై మంది పిల్లలు చెవుల్లో ఏవేవో పెట్టుకుని తెరల్లోకి చూస్తున్నారు. తొంభై ఎనిమిది శాతం తప్పుల్లేని పని అని గోడ మీద పెద్ద బోర్డు. మిగతా రెండు శాతం మనుషులు ఏ గంగలో కలిశారో బోర్డు మీద లేదు. ప్రతి బల్లకూ ఒక కాగితం అంటించి ఉంది. తరచుగా వచ్చే కేసులు, వాటికి తయారుగా ఉన్న కోడ్లు. హనుమాయమ్మ కళ్ళజోడు సర్దుకుని చూస్తే మూడో వరసలో దొరికింది: పురుగుమందు, కావాలని తాగినది.

"ఇదేంది అబ్బాయ్? పురుగుమందు కనపడితే తాగినట్టేనా? చదవరా మీరు?"

"ఫైలుకి నాలుగు నిమిషాలే మేడం టార్గెట్," అన్నాడు అమర్నాథ్. ఇరవై ఏడేళ్ళుంటాయి, గడ్డం నీటుగా కత్తిరించుకున్నాడు. "అయినా మన ఏరియాలో పురుగుమందు కేసంటే ఇంకేముంటది మేడం, మీకు తెలియందా? హైదరాబాద్ టీమ్ అయితే ప్రతి పేజీ చదివి లేట్ చేసేవాళ్ళు. మేం లోకల్ కాబట్టి మాకు తెలుసు. అందుకే ఈ కాంట్రాక్టు మాకొచ్చింది."

అది చెప్పేటప్పుడు వాడి మొహంలో సిగ్గు లేదు సరికదా, కాస్త గర్వం కూడా ఉంది. పల్నాడులో పుట్టినందుకు వీడికి అబ్బిన జ్ఞానం ఇదన్నమాట.

"ఏ ఊరు నాయనా మీది?"

"ఈపూరు, మేడం."

"మీ నాన్నేం చేస్తాడు?"

"వ్యవసాయమే. మిర్చి, పత్తి."

"మందెవరు కొడతారు?"

"ఆయనే కొడతాడు."

"కొట్టినాక ఎప్పుడన్నా కళ్ళు తిరిగి పడ్డాడా?"

"రెండేళ్ళ కింద పడ్డాడు మేడం. వినుకొండలో సెలైన్ పెట్టించాం."

"అయితే మీ నాన్న చావబోయాడన్నమాట. నీ కాయితంలో అట్టానే ఉంది."

పక్క బల్లల దగ్గర ఇద్దరు చెవుల్లోవి తీసేశారు. అమర్నాథ్ గడ్డం గోక్కున్నాడు. మరింకేదన్నా అంటాడేమోనని హనుమాయమ్మ సిద్ధంగా నిలబడింది. అనడానికి ఆవిడ దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. అతను తెరను ఆవిడ వైపు తిప్పాడు.

"తప్పు మాదే మేడం, కాదనను. కానీ మేం వేసింది నేరుగా ఇన్సూరెన్సుకి పోదు. ప్రతి శనివారం ప్రింట్ తీసి మీ హాస్పిటల్‌కి పంపుతాం. అక్కడ చూసి, కరెక్టే అని సైన్ చేసి తిప్పి పంపితేనే ముందుకెళ్తది."

తెర మీద జ్ఞానమ్మ కాగితం. కింద కుడివైపు, సరిచూశాను అన్న మాట పక్కన, హనుమాయమ్మ సంతకం.

హనుమాయమ్మకు ఆ శనివారాలన్నీ గుర్తొచ్చాయి. డెబ్బై ఎనభై కాగితాల కట్ట వచ్చేది. క్యాంటీన్ ఆవిడతో కబుర్లాడుతూ, దోమలు తోలినట్టు సంతకాలు చేసి పడేసేది. చదవడమంటే వాళ్ళ ఊడిగం చేయడమని ఆవిడ పంతం. తప్పులుంటే ఉండనీ, వాటితోనే మునుగుతారు, అప్పుడు మేనేజ్‌మెంటు వాళ్ళే వచ్చి కాళ్ళు పట్టుకుంటారు అనుకుంది. కంపెనీ మునగలేదు. రెంటచింతల వంటమనిషి మునిగింది.

"ఇట్టాంటివి ఎన్నున్నయ్?" అని అడిగింది.

అమర్నాథ్ ఏదో నొక్కి చూశాడు. "ఈ సీజన్లో ముప్పై నాలుగు పురుగుమందు కేసులు మేడం. అన్నిటికీ అదే కోడు. అన్నిటి మీదా..." అని ఆగిపోయాడు. మర్యాద తెలిసినవాడే.

కోడు మార్చాలంటే ఒక ఫారం ఉంది. అందులో తప్పుకు కారణం రాయాలి. "సిస్టమ్ ఎర్రర్ అని వేద్దాం మేడం," అన్నాడు అమర్నాథ్ మెల్లగా. "మీకూ ఇబ్బంది ఉండదు, మాకూ ఉండదు."

ఆవిడకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది. ఒక్క నిమిషం పెన్ను అలాగే పట్టుకుని కూర్చుంది. ఆ సలహా ఇచ్చినవాడి మీదా, దాన్ని వింటున్న తన మీదా ఒకేలా అసహ్యం వేసింది. చివరికి రాసింది: డాక్టరు రాసినది చదవకుండా కంపెనీ కోడు వేసింది, ఆ కోడును చదవకుండా నేను సంతకం పెట్టాను. కింద పేరు, తేదీ.

"మిగతా ముప్పై మూడు ఫైళ్ళు రేపు తీసి పెట్టు. నేనొచ్చి చదువుతా. బల్లల మీద కాయితాలు మాత్రం ఇప్పుడే పీకించు," అంది. పిల్లలు గోళ్ళతో గీకి పీకడం మొదలుపెట్టాక గానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇన్సూరెన్సు వాళ్ళ జవాబుకు నెల పడుతుంది. అంత దాకా ఆగే వీలు లేదు కాబట్టి, సరిచేసిన కాగితానికి ఆసుపత్రి ముద్ర వేయించుకుని, శుక్రవారం పొద్దున మాచర్ల బస్సెక్కి రెంటచింతలలో దిగింది. పెద్ద సిస్టరు కాగితాన్ని రెండుసార్లు చదివింది. "నాకూ నమ్మబుద్ధి కాలేదమ్మా. కానీ ఉత్తరంలో అట్టా ఉంటే నేనేం చేసేది," అంది. తర్వాత జ్ఞానమ్మను పిలిపించి, సోమవారం నుంచి పనిలోకి రమ్మంది.

వంటింటి వసారాలో హనుమాయమ్మ, జ్ఞానమ్మ ఇద్దరే మిగిలారు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటను హనుమాయమ్మ బయటపెట్టింది. "కోడు వేసింది కంపెనీ వాళ్ళే గానీ తల్లీ, చూసి పంపాల్సింది నేను. చూడలేదు." అయ్యో, అంత పనిలో మీరు మాత్రం ఏం చేస్తారమ్మా అనే మాట కోసం ఆవిడ లోలోపల ఎదురుచూసింది.

జ్ఞానమ్మ కాగితం తీసుకుంది. కారణం రాసిన చోట వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చివరి దాకా చదివింది.

"ఆసుపత్రిలో మీ గది పైనే గదమ్మా నా మంచం," అంది. "నాలుగు రోజులున్నాను. ఎట్టా పడిపోయావే అని ఒక్కసారి వచ్చి అడిగితే నేనే చెప్పేదాన్ని గదా."

అని ఆవిడ వంక చూసింది. ఆ చూపు హనుమాయమ్మకు బాగా తెలుసు. రెండేళ్ళుగా మెడలో బిళ్ళల పిల్లల్ని తను చూస్తున్న చూపు అదే. దాన్ని ఎదురుగా నిలబడి భరించడం ఇలా ఉంటుందని మాత్రం తెలియదు.

"నరసరావుపేట బస్సు మూడింటికుంది," అని చెప్పి జ్ఞానమ్మ లోపలికెళ్ళింది. సోమవారం దాకా ఆగకుండా, గిన్నెలు దించి తోమడం మొదలుపెట్టింది.