సీలింగ్ మీద టీచరమ్మ

పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా సూర్యకళ స్కూటీ మీద పనికి బయల్దేరుతుంది. ముందు సంచిలో డ్రిల్లింగ్ మిషను, వైరు చుట్ట, మధ్యాహ్నానికి చద్దన్నం డబ్బా. నిచ్చెన ఉండదు. ఆవిడకి దాంతో పనిలేదు. గోడకి పాదం ఆనించి నాలుగడుగులు పైకి నడిచి, సీలింగ్ మీద నిలబడి పని చేసుకుంటుంది. మరలు జారితే కిందికే పడతాయి కాబట్టి పెదాల మధ్య పట్టుకుంటుంది. జడ కూడా కిందికే వేలాడుతుంది కాబట్టి గట్టిగా ముడి చుట్టుకుంటుంది. ద్వారకా నగర్లో స్పీకర్ల షాపు నడిపే సన్యాసిరాజు ఆవిణ్ణి ఎవరింటికి పంపినా ఆ ఇంటివాళ్ళకి ఒకటే మాట చెబుతాడు: "ఫ్యాను ఆపి ఉంచండి సార్."

ఆ రోజు పని పెందుర్తిలో, దొరబాబు ఇంట్లో. దొరబాబుది అమలాపురం వైపు. పోర్టులో క్రేను నడుపుతాడు. తలుపు తీస్తూనే సూర్యకళ పాదాలు చూశాడు.

"కాళ్ళు కడుక్కుని ఎక్కమ్మా. మొన్ననే పెయింటు వేయించాం."

"కడిగేసుకున్నాను బాబూ."

లోపలి గదిలో మంచం మీద ఆయన భార్య కనకరత్నం వెల్లకిలా పడుకుని ఉంది. బడిలో ఆటల టీచరు. పదహారేళ్ళ పాటు కాలనీ ఆడపిల్లల చేత కబడ్డీ ఆడించిన మనిషి. రెండేళ్ళ కిందట బండి మీంచి పడి నడుం విరిగింది. ఆపరేషన్ అయ్యాక కాళ్ళలో స్పర్శ మిగిలింది గాని బలం మిగల్లేదు. నిలబెడితే కాళ్ళు తడిగుడ్డల్లా మడతపడిపోయేవి. ఆవిడ మంచం పట్టాక జట్టు గెలిచిన మ్యాచ్ ఒక్కటీ లేదు. ఈ ఏడు కూడా ఓడిపోతే జట్టు ఎత్తేస్తామని కాలనీ సంఘంవాళ్ళు తేల్చి చెప్పేశారు. కనీసం పిల్లల ఆటైనా చెవులారా వింటుందని దొరబాబు స్పీకర్లు కొన్నాడు.

"తల దగ్గర అటొకటి, ఇటొకటి బిగించెయ్యమ్మా," అని చెప్పి ఆయన కాఫీ పెట్టడానికి వెళ్ళాడు.

సూర్యకళ గోడెక్కి సీలింగ్ మీదకి వెళ్ళింది. జిప్సం పలకల వెనక ఇనప ఫ్రేము ఎక్కడుందో మడమతో కొట్టి కనుక్కుంటూ మంచానికి సరిగ్గా పైకి వచ్చి నిలబడింది. అప్పుడు ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా వచ్చాయి. రెండేళ్ళుగా కనకరత్నాన్ని చూడవచ్చిన వాళ్ళందరూ మంచం పక్కన నించుని, మెడ వంచి, కిందికి చూస్తూ మాట్లాడినవాళ్ళే. కళ్ళలోకి తిన్నగా చూసిన మనిషి ఈవిడొక్కతే.

సూర్యకళ నోట్లోంచి మరలు తీసి పిడికిట్లో పట్టుకుంది. "టీచరమ్మా, ఇనీది మీరు. ఎక్కడెట్టమంటారో మీరే సెప్పండి."

ఈ ఇంట్లో కనకరత్నాన్ని ఎవరైనా ఏదైనా అడిగి చాలా కాలమైంది.

"తల దగ్గర వద్దు," అంది. "కాళ్ళ వైపు పెట్టు. ఆట నా ఎదురుగా జరగాలి."

సూర్యకళ పెన్సిల్‌తో రెండు సున్నాలు గీసి, గుండ్రంగా కోసి, వైర్లు లాగి స్పీకర్లు బిగించింది. దుమ్ము కళ్ళలో పడకుండా అంతకుముందే టీచరమ్మ మొహం మీద పల్చటి తువ్వాలు కప్పింది. పదకొండింటికి అంతా సిద్ధమైంది. జట్టు కెప్టెన్ శ్రీసత్య ప్రాక్టీసు చేస్తున్న హాల్లోంచి ఫోన్ కలిపింది.

సీలింగ్‌లోంచి ఆట దిగింది. మేటు మీద అరికాళ్ళ చప్పుళ్ళు, పిల్లల రొప్పు, శ్రీసత్య కూత. కనకరత్నం కళ్ళు మూసుకుని వింటూ, ఉన్నట్టుండి అరిచింది.

"సత్యా! ఎడమ కాలు ఈడుస్తున్నావు. ఎత్తి వెయ్యి!"

ఆ అరుపుతో పాటే దుప్పటి కింద ఆవిడ ఎడమ కాలు లేచి పడింది.

పైనుంచి సూర్యకళ చూసింది. "కాలు ఆడతంది టీచరమ్మా."

"ఆడుతుంది. నన్ను మొయ్యదు."

"కిందైతే మొయ్యదు. ఇక్కడ మొయ్యక్కర్లేదు కదా." సూర్యకళ నడుం వంచి రెండు చేతులూ కిందికి చాపింది. "ఒక్కసారి రాండి."

కాఫీ పట్టుకుని వచ్చిన దొరబాబు సంగతి చూసి, గ్లాసులు కిటికీలో పెట్టి, ముందు ఫ్యాను స్విచ్ ఆపే ఉందో లేదో చూసుకున్నాడు. తర్వాత భార్య కాళ్ళు రెండూ ఎత్తి గోడకి ఆనించాడు. సూర్యకళ లాగింది. కనకరత్నం పాదాలు గోడ మీద ఒకటి, రెండు, మూడు అడుగులు వేశాయి. నాలుగో అడుగు సీలింగ్ మీద పడింది.

ఆవిడ నిలబడింది. ఈసారి కాళ్ళు మడతపడలేదు. ఆ చివర్నించి ఈ చివరకి నడిచి, మళ్ళీ వెనక్కి నడిచింది. దొరబాబు కింద నించుని తలెత్తి చూస్తున్నాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి.

"కాఫీ చల్లారిపోతుందండీ," అంది కనకరత్నం, పైనుంచి చెయ్యి చాపి.

మర్నాటి నుంచే ఆవిడ హాలుకి వెళ్ళింది. దొరబాబు చక్రాల కుర్చీని గోడ దాకా తోస్తే, సూర్యకళ పైనుంచి చెయ్యి అందించేది. నాలుగో రోజుకి ఆ చెయ్యి కూడా అక్కర్లేకపోయింది. నెల రోజులు పిల్లల నెత్తి మీద నడుస్తూ ఆట నేర్పింది. పదహారేళ్ళ పాటు పక్కనుంచి చూసిన ఆటని ఇప్పుడు పైనుంచి చూస్తుంటే, ఏ పిల్ల ఎక్కడ ఖాళీ వదిలేస్తోందో పీటల మీద ముగ్గులా కనిపించేది.

పిల్లలు ఒక్కో మ్యాచూ గెలుచుకుంటూ పోటీల ఆఖరి దాకా వచ్చారు. ఫైనల్ గాజువాక జట్టుతో. ఆట మొదలయ్యే ముందు రిఫరీ రూలు పుస్తకం తిరగేశాడు. కోచ్ మేటు మీద అడుగు పెట్టకూడదని ఉంది. తల పైకెత్తి చూసి, పుస్తకం మూసి విజిల్ ఊదాడు.

ఇరవై ఏడు, ఇరవై ఏడు. ఆఖరి కూత శ్రీసత్యది. అవతల ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురూ మెల్లగా వల బిగిస్తున్నారు. శ్రీసత్యకి వాళ్ళ భుజాలే కనపడుతున్నాయి. పైన ఉన్న కనకరత్నానికి వాళ్ళ పాదాలు కనపడ్డాయి. కుడి మూలన ఉన్న పిల్ల మడమల మీద వాలి ఉంది.

"సత్యా! కుడి మూల!"

శ్రీసత్య విసురుగా తిరిగి, ఆ పిల్ల మోకాలికి వేలి కొస తాకించి, మిగతా ఇద్దరి చేతుల కిందనుంచి బొక్కబోర్లా దూకి గీత మీద అరచెయ్యి పెట్టింది. విజిల్ మోగింది. హాలంతా లేచి నిలబడింది. సూర్యకళ వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. దొరబాబు పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని కావలించుకున్నాడు.

పైన కనకరత్నం రెండు చేతులూ ఎత్తి, ఉన్న బలమంతా కాళ్ళలోకి తెచ్చుకుని, కిందికి ఎగిరి గంతేసి, మళ్ళీ సీలింగ్ మీదే రెండు పాదాలూ ఆనించి నిలబడింది.