రేవు పట్టికలో అల

ఇవాసె టోకుజికి గర్వం లేదు. ఉన్నదల్లా నిజాయితీ. ఒకేలా కనిపించే రెండు అల గుర్తుల్లో అసలుదేదో రేవు మొత్తానికి తనకొక్కడికే తెలుసన్న సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ దాచకుండా చెప్పేవాడు.

అచ్చాపీసులో సీసపు అక్షరాలు పేర్చే పని పోయాక, అట్ట ఊడిన పుస్తకమొకటి ముందేసుకుని కంప్యూటర్ తనంతట తనే నేర్చుకున్నాడు. పొద్దున్నే తన అచ్చు కొట్టు షట్టర్ ఎత్తడం, బార్లీ టీ కాచుకోవడం, విజిటింగ్ కార్డులు అచ్చు వేయడం, నెలకోసారి రేవు ఆఫీసుకి పడవల వేళల పట్టిక పంపడం. అంతే ఆయన పని.

ఆ పట్టికలో ప్రతి వరసలోనూ రేవు పేరుకీ దీవి పేరుకీ మధ్య, ఇక్కణ్ణించి అక్కడిదాకా అనడానికి, చిన్న అల ఉంటుంది: 〜. పోటుకి అది ఉబ్బేది, ఆటుకి అణిగేది. చేపలవాళ్లు వేలితో తాకి చూసి వలలు సర్దుకునేవాళ్లు. కాగితం నుంచి నీళ్లు కారతాయని ఆఫీసువాళ్లు నోటీసు బోర్డు కింద గుడ్డ పరిచేవాళ్లు. పడవ ఆ అల మీదే దీవికి వెళ్లొచ్చేది. ఇందులో ఎవరికీ వింత లేదు. గుడ్డ పిండే వంతు ఎవరిదన్న దాని మీదే గొడవలన్నీ.

కంప్యూటర్‌కి అల కనపడదు, దాని నంబరు కనపడుతుంది. ఆ నంబర్లు ఇచ్చినవాళ్లు ఎవరికి వాళ్లు కూర్చుని ఇవ్వడంతో ఈ ఒక్క అలకీ రెండు నంబర్లు పడ్డాయి. మొదటిది అసలైన అల. రెండోది దాని బట్టలు కట్టుకు తిరిగే మరెవరో అని టోకుజి అభిప్రాయం.

ఇన్నేళ్లూ రేవు పట్టికలో ఉన్నది ఆ రెండోదేనని పోయిన నెల ఆయన కంటపడింది. ఆ రోజుకి పెళ్లై ముప్పై ఏళ్లు. భార్య కినుయె వేడినీటి బుగ్గల ఊరికి బస్సు టిక్కెట్లు కొని, సంచీ సర్ది గుమ్మంలో కూర్చుంది. టోకుజి మూడు వందల పన్నెండు అలల్నీ ఒక్కొక్కటిగా మారుస్తూ కూర్చున్నాడు. ఒక్క మీటతో అన్నీ మార్చొచ్చన్న సంగతి పుస్తకంలో ఊడిపోయిన పేజీలో ఉండి ఉంటుంది. బస్సు వెళ్లిపోయింది. సర్దిన సంచీ అలాగే పట్టుకుని కినుయె దీవిలో అక్క దగ్గరికి వెళ్లిపోయింది.

ఒకటో తారీకున టోకుజి మార్చి పంపిన కొత్త పట్టిక వచ్చింది. దాన్ని అచ్చు వేసే రేవు ఆఫీసు పాత యంత్రానికి అసలైన అల నంబరు తెలీదు. తెలీని చోటల్లా ప్రశ్నార్థకం కొట్టింది. ఆ రోజు నుంచి గుడ్డ తడవలేదు. పడవ ఎటునుంచి బయల్దేరినా సగం దూరం పోయి ఆగేది. కాసేపు ఆలోచించుకుని, ఎక్కినవాళ్లని ఎక్కిన చోటే తెచ్చి దించేది.

మూడో రోజు కినుయె ఫోన్ చేసింది. ఇంటికి రావడానికి రెండుసార్లు పడవెక్కిందట, రెండుసార్లూ వెనక్కే తెచ్చిందట.

"పడవకే ఇష్టం లేనట్టుంది. ఇవాళ మూడింటి పడవకి ఆఖరిసారి చూస్తాను. అదీ తిరిగొస్తే ఇక్కడే కమలాపళ్ల షెడ్డులో పనికి కుదిరిపోతా. అక్క గది కూడా ఖాళీ చేసింది."

కోపంగా అన్నా బావుండేది. కూర ధర చెప్పినట్టు చెప్పింది.

టోకుజి చెప్పులైనా సరిగా తొడుక్కోకుండా రేవు ఆఫీసుకి పరిగెత్తాడు. అప్పటికి మూడు దాటింది. టిక్కెట్లిచ్చే నొగామి తలెత్తింది.

"ఆ పాత అలకేం రోగమొచ్చింది బాబాయ్? ఇరవై ఏళ్లు మోసింది."

"అది అసలైన అల కాదమ్మా."

"ఆ సంగతి పడవకి తెలుసా?"

యంత్రం మార్పించమని అర్జీ పెడదామన్నాడు. ఏప్రిల్ బడ్జెట్లో చూస్తారంది. కిటికీలోంచి చూస్తే సముద్రం మధ్యలో పడవ ఆగి ఉంది, ఆలోచిస్తోంది. టోకుజి ఆఫీసు కంప్యూటర్ ముందుకి కుర్చీ లాక్కున్నాడు. చేతులు తనవి కానట్టు రెండో నంబరు కొట్టాడు. మిగతావి నొగామి ఒక్క మీటతో మార్చేసింది. ఆయన చూడనట్టు ఊరుకున్నాడు.

కాగితం బయటికి వస్తూనే చెమర్చింది. నొగామి వెళ్లి గుడ్డ పరిచింది. పడవ కదిలింది, ఇటువైపే.

కినుయె దిగి ఎదురుగా నిలబడింది. ఏమైనా అంటాడేమోనని చూసింది. ఆయన రేవు గడియారం వైపు చూశాడు.

"పన్నెండు నిమిషాలు ఆలస్యం," అన్నాడు.

ఆవిడ సంచీ చేయి మార్చుకుని, ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడిగింది.

ఉన్నాయని చెప్పాడు. ఆ మాట చెప్పడం టోకుజికి వచ్చు. తప్పు నాదేనని చెప్పడం ఇప్పటికీ రాలేదు.